కేర్ బడ్జెట్ మన చేతికే తీసుకోవడం: చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

తార్నీట్ పిల్ల

అందరికీ నమస్తే. నాకు 24 ఏళ్ళు, సెరెబ్రల్ పాల్సీ. మెల్‌బోర్న్ శివార్లలోని తార్నీట్‌లో అమ్మానాన్నలతో ఉంటాను. పవర్ వీల్‌చెయిర్ వాడతాను, మంచం మీదికి మారాలంటే హాయిస్ట్ (మనిషిని గుడ్డ స్లింగ్‌లో పెట్టి పైకెత్తే యంత్రం) కావాలి. ఎన్‌డీఐఎస్ (వికలాంగుల సాయానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం డబ్బు ఇచ్చే పథకం) ప్లాన్ ఉంది. ఇప్పుడు బిల్లులు ప్లాన్ మేనేజర్ కడతారు, మనుషుల్ని ఒక ఏజెన్సీ పంపుతుంది.

నా బాధ ఏంటంటే, రోస్టర్, అంటే ఎవరు ఎప్పుడు రావాలన్నది, వాళ్ళది. రాత్రి ఏడున్నరకు వచ్చి నన్ను పడుకోబెట్టి వెళ్ళిపోతారు. ఇక్కడ వేసవిలో ఎనిమిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. పక్కింటి పిల్లలు ఇంకా సైకిళ్ళు తొక్కుతూ ఉంటారు, నేను నైటీ వేసుకుని పైకప్పు చూస్తూ ఉంటాను. పోయిన నెల పదకొండు మంది వచ్చారు, లెక్కపెట్టాను. స్లింగ్ లూపులు ఏ రంగువి ఎక్కడ తగిలించాలో పదకొండుసార్లు చెప్పాను. నా జడ సంగతి అడక్కండి, రబ్బరు బ్యాండు చుట్టి వదిలేస్తారు.

సెల్ఫ్ మేనేజ్‌మెంట్‌కి, అంటే ప్లాన్ డబ్బు నేనే చూసుకునే పద్ధతికి మారి, మనుషుల్ని నేనే వెతుక్కుని నేనే డబ్బు ఇద్దామనుకుంటున్నాను. ఇంట్లో ఒప్పుకోవట్లేదు. "నీకెందుకమ్మా ఆ టెన్షన్? లెక్కల్లో తేడా వస్తే ఎవరు కడతారు?" అంటున్నారు. మీలో ఎవరైనా చేశారా? మంచీ చెడూ రెండూ చెప్పండి.

సిడ్నీ నాన్న

చెడు నేను చెబుతాను, ఎందుకంటే మీ అమ్మానాన్నల పక్షం ఒకరైనా ఉండాలి కదమ్మా.

మా అబ్బాయికి 15. వాడి ప్లాన్ రెండేళ్ళు సెల్ఫ్ మేనేజ్ చేశాను. ఇన్‌వాయిస్ తీసుకోవడం, కట్టడం, పోర్టల్‌లో క్లెయిమ్ పెట్టడం, ఇంతే కదా అనుకున్నాను. మొదటి ఏడాది అంతే. రెండో ఏడాది ఆఫీసు పని పెరిగి, ఇన్‌వాయిస్‌లు వాట్సాప్‌లో కొన్ని, ఈమెయిల్‌లో కొన్ని, కారు డాష్‌బోర్డులో కొన్ని అయ్యాయి. వారాంతాల్లో వచ్చే ఒక అబ్బాయికి కొన్నాళ్ళు కాగితం లేకుండా చేతికి డబ్బు ఇచ్చేశాను. తర్వాత లెక్కలు చూపించమన్నప్పుడు ఆ కాగితాలు లేవు. తప్పు నాదే, వెనక్కి కట్టాను. రికార్డులు అయిదేళ్ళు దాచాలి అని మొదటి రోజే చదివాను, చదివి మర్చిపోయాను.

ఇంకోటి. 2024 అక్టోబరులో చట్టం మారాక ఎన్‌డీఐఎస్ డబ్బుతో ఏం కొనొచ్చు, ఏం కొనకూడదు అని పక్కా జాబితాలు వచ్చాయి. 2025 మే నుంచి కొత్త ప్లాన్లలో డబ్బు ఒక్కసారిగా కాకుండా విడతలుగా, ఎక్కువగా మూడు నెలలకోసారి తెరుస్తున్నారు. జనవరిలో ఎక్కువ గంటలు వాడేస్తే మార్చిలో ఇబ్బంది పడేది మీరే.

ఇప్పుడు ప్లాన్ మేనేజర్‌కి అప్పగించి హాయిగా ఉన్నాను.

మిడ్‌లాండ్స్ బాబాయ్

సిడ్నీ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ అది తండ్రిగా చెప్పిన మాట. నేను మంచం మీంచి చెబుతాను.

నాది మెడ దగ్గర వెన్నుపూస దెబ్బ. చేతులు లేస్తాయి, వేళ్ళు పట్టవు. ఇంగ్లండ్‌లో డైరెక్ట్ పేమెంట్ మీద ఉన్నాను, పదేళ్ళ పైమాటే. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) వాళ్ళు నా అవసరం లెక్కగట్టి ఆ డబ్బు వేరే ఖాతాలో వేస్తారు. నా మనుషుల్ని నేను పెట్టుకుంటాను. ఇక్కడ వాళ్ళని పీఏ అంటారు, పర్సనల్ అసిస్టెంట్.

ఈ హక్కు ఊరికే రాలేదమ్మా. అప్పట్లో 1948 చట్టం ప్రకారం కౌన్సిళ్ళు మనకు సేవలే ఇవ్వాల్సి ఉండేది, చేతికి నగదు ఇవ్వడానికి వీలుండేది కాదు. హాంప్‌షైర్‌లో లె కోర్ట్ అనే వికలాంగుల హోమ్ ఉండేది. అక్కడున్న కొందరు, జాన్ ఎవాన్స్ లాంటివాళ్ళు, "మా మీద హోమ్‌కి కట్టే డబ్బేదో మాకే ఇవ్వండి, బయట ఇల్లు తీసుకుని మనుషుల్ని పెట్టుకుంటాం" అని అడిగారు. ప్రాజెక్ట్ 81 అని పేరు పెట్టుకుని 1980ల మొదట్లో ఒక్కొక్కరే బయటికి వచ్చారు. దేశమంతటికీ చట్టం రావడానికి 1996 దాకా పట్టింది.

ఇక అసలు సంగతి. ఏజెన్సీ ఉన్నప్పుడు నాకు గ్లౌజులు వేసుకుని స్పూన్‌తో తినిపించేవారు. పప్పన్నం స్పూన్‌తో తింటే ఆసుపత్రి తిండిలా ఉండేది. సొంతంగా పెట్టుకున్న మొదటి పీఏ పోలండ్ నుంచి వచ్చిన కుర్రాడు. చేతులు కడుక్కుని, అన్నంలో గుంట చేసి, నెయ్యి వేసి, పప్పు కలిపి ముద్ద చేయడం నేర్పాను. మొదటి వారం క్రికెట్ బంతులంత చేశాడు. తర్వాత ఎంత బాగా కలిపేవాడంటే, మా చెల్లెలు వచ్చినప్పుడు తనకీ ఒక ముద్ద పెట్టమంది. ఇది ఏ కేర్ ప్లాన్‌లోనూ రాసి ఉండదు.

కానీ నువ్వు యజమానివి అవుతావు, అది గుర్తుంచుకో. ఇక్కడైతే జీతంలో పన్ను, పెన్షన్, ఏడాదికి 5.6 వారాల జీతంతో సెలవు, యజమాని బీమా, అన్నీ నా పేరు మీదే. పేరోల్ చూసిపెట్టే సంస్థ ఉంది, నెల నెలా గంటలు పంపితే పే స్లిప్పులు వాళ్ళే చేస్తారు. ఆ ఖర్చు కూడా బడ్జెట్‌లో వేయమని అడగాలి. అడక్కపోతే వేయరు. ఖాతాలో డబ్బు పేరుకుపోతే వెనక్కి లాగేసుకుంటారు. సెలవు జీతాలకీ, పీఏకి జబ్బు చేస్తే పెట్టుకునే బదులు మనిషికీ అది దాచానని రాసి పెట్టుకోబట్టి ఒకసారి తప్పించుకున్నాను.

తార్నీట్ పిల్ల

బాబాయ్ గారూ, ముద్దల సంగతి అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చింది.

మీ పీఏ చెప్పకుండా మానేసిన రోజు ఏం చేస్తారు?

మిడ్‌లాండ్స్ బాబాయ్

ముగ్గురిని పెట్టుకుంటాను, ఒక్కడి మీద ఎప్పుడూ ఆధారపడను. అయినా ఒక క్రిస్మస్ ముందురోజు ఇద్దరికి ఫ్లూ, మూడోవాడు రైల్లో ఇరుక్కుపోయాడు. మధ్యాహ్నం పన్నెండున్నర దాకా లేవలేదు. పక్కింటావిడ వచ్చి నీళ్ళు తాగించింది. లేదని అబద్ధం చెప్పను.

గుంటూరు అన్న

మీ మాటలు చదువుతుంటే నవ్వొస్తోంది, కొంచెం కుళ్ళూ వస్తోంది.

మిర్చి బస్తాల లారీ మీంచి పడ్డాను, నడుము కింద ఏమీ తెలీదు. ఆంధ్రలో 2024 నుంచి నాలాగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి పింఛను నెలకి 15,000. మామూలు వికలాంగుల పింఛను 6,000. ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇస్తారు. బిల్లులు అడిగేవాడు లేడు, పోర్టల్ లేదు, ఆడిట్ లేదు. మీ లెక్కన నాది అసలైన సెల్ఫ్ మేనేజ్‌మెంట్!

అయితే మొదట్లో ఆ డబ్బు వేలిముద్ర పడేదాకే నాది. ముద్ర వేశాక నోట్లు మా అన్న జేబులోకి పోయేవి. తప్పని అనను, పదేళ్ళు నన్ను మోసింది వాళ్ళే. కానీ గంటల మనిషిని పెట్టుకుంటానంటే "ఇంట్లో ఇంతమందిమి ఉండగా నీకు పనోడా?" అని వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ చేత మూత్రం పైప్ మార్పించుకోవడం నాకెంత నామోషీయో ఎలా చెప్పను? రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోవాలి, లేకపోతే పుండ్లు పడతాయి. రాత్రిపూట వదిన్ని లేపలేక ఒకసారి అట్లాగే ఉండిపోయాను. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు.

చివరికి మా పక్క ఊరి కుర్రాణ్ణి పెట్టుకున్నాను, పొద్దున మూడు గంటలు, రాత్రి ఒక గంట, నెలకి 8,000. టౌన్లో ఏజెన్సీని అడిగితే పగటి మనిషికి 18,000 చెప్పారు. మిగిలిన 7,000 అన్న చేతిలో పెడుతున్నాను. ఇప్పుడు వదిన కూడా బానే మాట్లాడుతోంది, అసలు మునుపటికంటే బానే మాట్లాడుతోంది.

కరీంనగర్ అక్క

అన్నా, మీకు 15,000 అన్నా వస్తున్నయ్. మా చెల్లెకు కండరాల జబ్బు, లేచి కూసోలేదు. తెలంగాణల వికలాంగుల పింఛను 4,016. దాంట్ల మనిషిని పెట్టుకునుడు ఎక్కడిది, డైపర్లకే సగం పోతయి.

2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌ల, ఎక్కువ సాయం అవసరమైనోళ్ళకు కేర్‌గివర్ అలవెన్సు మాట రాసి ఉన్నది. 38వ సెక్షన్ కింద ఎక్కువ సాయం కావాలని దరఖాస్తు పెట్టుకోవచ్చని కూడా ఉన్నది. ఇక్కడ ఎవరికన్న వచ్చిందా? కాగితం మీద చదివితే చాన మంచిగుంటది.

గుంటూరు అన్న

నాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ రాలేదక్కా. కేరళలో ఆశ్వాసకిరణం అని ఒకటుంది, మంచాన పడ్డవాళ్ళని చూసుకునేవాళ్ళకి నెలకి 600 ఇస్తారు. అదీ చూసుకునేవాళ్ళ పేరు మీద, మన పేరు మీద కాదు.

ఫ్రీమాంట్ అమ్మ

కాలిఫోర్నియా నుంచి. ఇక్కడ రెండు దారులున్నాయి, రెండూ చూశాను.

మొదటిది ఐహెచ్ఎస్ఎస్, ఇంట్లో సాయం చేసే మనిషికి రాష్ట్రం జీతమిచ్చే పథకం. మెడి-కాల్ (తక్కువ ఆదాయం వాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్నవాళ్ళకి. డబ్బు కాదు, గంటలు ఇస్తారు, ఎంత ఎక్కువైనా నెలకి 283. మనిషిని పెట్టుకోవడం, తీసెయ్యడం మన ఇష్టం, జీతం రాష్ట్రం నుంచి వస్తుంది. కన్నవాళ్ళు కూడా జీతం తీసుకోవచ్చు. మా అబ్బాయికి ఆటిజం, వాడికి 26. చాలా ఏళ్ళు వాడి ప్రొవైడర్‌ని, అంటే జీతం తీసుకుని చూసుకునే మనిషిని, నేనే. వేలిముద్రలు ఇచ్చి, ఓరియెంటేషన్ చేసి, రెండు వారాలకోసారి టైమ్‌షీట్ పెట్టేదాన్ని. వాణ్ణి చూసుకోవడానికి ఉద్యోగం మానేశాను కాబట్టి ఆ డబ్బు ఇంటికి ఆసరా అయింది, దాచడమెందుకు. ఆస్ట్రేలియాలో ఇంట్లోవాళ్ళకి జీతం దాదాపు ఇవ్వరని విన్నాను.

ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. లెక్క ప్రకారం వాడు యజమాని, నేను పనిమనిషిని. అమ్మని ఉద్యోగంలోంచి తీసెయ్యగలిగే కొడుకు ఎవరు?

రెండోది సెల్ఫ్ డిటర్మినేషన్ ప్రోగ్రామ్. 2013లో చట్టం, 2021 జూలై నుంచి రీజనల్ సెంటర్ల (ఆటిజం లాంటి ఎదుగుదల వైకల్యాలున్నవాళ్ళకి సేవలు చూసే కేంద్రాలు) కింద ఉన్న అందరికీ తెరిచారు. ఏడాది బడ్జెట్ ఖరారు చేసి, దేనికి ఎంతో మనం రాసుకోవాలి. లెక్కలూ జీతాలూ చూడ్డానికి మధ్యలో ఒక ఫైనాన్షియల్ సంస్థ తప్పనిసరి, కాబట్టి సిడ్నీ తమ్ముడి డాష్‌బోర్డు కష్టాలు లేవు. ప్లాన్ రాసేటప్పుడు నేను స్పీచ్ థెరపీ, జిమ్ అని రాసుకుపోయాను. ప్లాన్ రాయడానికి సాయం చేసే ఫెసిలిటేటర్‌గా వచ్చినమ్మాయి నన్ను ఆపి వాడి ముందు బొమ్మల కార్డులు పరిచింది. వాడు రైలు బొమ్మ తీశాడు. మళ్ళీ పరిస్తే మళ్ళీ రైలే.

ఇప్పుడు శనివారాలు ఒక కాలేజీ కుర్రాడు వాడితో బార్ట్ (ఇక్కడి లోకల్ రైలు) ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతాడు. వచ్చాక స్టేషన్ల పేర్లు వరసగా చెబుతాడు, ఇరవయ్యారేళ్ళలో వాడు నాకు చెప్పిన అతి పొడుగు కబురు అది. జీతం ఇచ్చేది వాడి బడ్జెట్. ఆ కుర్రాణ్ణి ఎంచుకున్నదీ వాడే, నాకు నచ్చినవాడు వేరేవాడు.

సిడ్నీ నాన్న

నేను మొదట భయపెట్టాను కాబట్టి లెక్క కూడా చెప్పేస్తాను.

ఏజెన్సీ పని రోజుల్లో పగటి పూట గంటకు దాదాపు 70 డాలర్లు తీసుకుంటుంది, ఎన్‌డీఐఎస్ పెట్టిన గరిష్ఠ ధర అదే కాబట్టి. వారానికి 20 గంటలంటే 1,400. నేరుగా పెట్టుకున్న మనిషి 50కి వస్తే అదే డబ్బుతో 28 గంటలు. అయితే ఏబీఎన్ (సొంత వ్యాపారానికి ఇచ్చే నంబరు) ఉంది కదా అని అందర్నీ కాంట్రాక్టర్ అనుకోకండి. రోస్టర్ మీరే వేసి, పని ఎలా చేయాలో మీరే చెబుతుంటే ఆ మనిషి ఉద్యోగి కిందికే రావచ్చు. అప్పుడు 12 శాతం సూపర్ (రిటైర్మెంట్ నిధి), జీతంలోంచి పన్ను పట్టి కట్టడం మీ బాధ్యత. విక్టోరియాలో జీతాలు ఏడాదికి 7,500 డాలర్లు దాటితే వర్క్‌కవర్ (పనిలో దెబ్బ తగిలితే ఆదుకునే) బీమా కూడా. ఆ 28 అప్పుడు 24 అవుతుందేమో, అయినా 20 కంటే ఎక్కువే.

మొత్తం ప్లాన్ మార్చనక్కర్లేదు కూడా. కొంత భాగం మీ చేతిలో, మిగతాది ప్లాన్ మేనేజర్ దగ్గర ఉంచుకోవచ్చు. ఇంకొకటి, మీకు 18 దాటింది. ఎవరినీ నామినీగా, అంటే మీ తరఫున నిర్ణయాలు తీసుకునే మనిషిగా పెట్టకపోతే అడగాల్సింది మీరే, అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు. ఒక తండ్రిగా ఇది చెప్పడానికి రెండు రోజులు ఆలోచించాను.

తార్నీట్ పిల్ల

ఇదివరకే చెప్పాల్సింది, ఆలస్యమైంది. సాయంత్రం గంటలు మాత్రం నా చేతికి తీసుకున్నాను, థెరపీలూ పరికరాలూ పాత పద్ధతిలోనే. వేరే ఖాతా తెరిచాం. ఇన్‌వాయిస్‌లు ఒక ఫోల్డర్‌లో పెట్టే పని నాన్నకి ఇచ్చాను. వద్దన్నది ఆయనే కాబట్టి జాగ్రత్తగా చేస్తాడు.

వర్కర్ స్క్రీనింగ్ (నేర చరిత్ర లాంటివి చూసే ప్రభుత్వ తనిఖీ) ఉన్నవాళ్ళనే పిలిచాను, నలుగురు వచ్చారు. అమ్మ పక్కనే కూర్చుని వాళ్ళని వాళ్ళ పెళ్ళిళ్ళ గురించి అడుగుతుంటే బయటికి పంపాల్సి వచ్చింది. నేను అడిగినవి మూడే: హాయిస్ట్ ఎంతకాలంగా వాడుతున్నారు, రాత్రి పదిన్నరకు రాగలరా, మూడు పాయల జడ వచ్చా. జడ రాదని, కానీ నేర్చుకుంటానని ఒకావిడ ఫోన్‌లో వీడియో పెట్టి అక్కడే మొదలుపెట్టింది. వంకరగా వచ్చింది. ఆవిడనే తీసుకున్నాను. సోమవారం నుంచి.

గుంటూరు అన్న

శుభం చెల్లీ. బాబాయ్, మీ కొత్త పీఏలకి ఇవ్వడానికి ఏదైనా కాగితం రాసి పెట్టుకున్నారా, ఒంటికి సంబంధించిన మాన్యువల్ లాంటిది? మా కుర్రాడు పెళ్ళికి ఊరెళ్తే బదులు వచ్చినోడికి అన్నీ నోటితో చెప్పలేక చస్తున్నా.

మిడ్‌లాండ్స్ బాబాయ్

ఉంది, పదకొండు పేజీలు. ఇంగ్లీషులో ఉంది, తెలుగు చేయాలి. మొదటి పేజీ ఈ రాత్రికి పెడతాను, అది ఒత్తిగిలి పడుకోబెట్టడం గురించే.