పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ వంశపారంపర్య పరీక్ష అవసరమా?

గాజువాక_వాసు:
మా బాబాయికి 58 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌కి గత నెల ఆపరేషన్ అయింది, రెండో స్టేజీ అన్నారు. ఇప్పుడు ఆ గడ్డ మీద ఎంఎంఆర్ పరీక్ష (కణాల్లో డీఎన్‌ఏ తప్పుల్ని సరిదిద్దే ప్రోటీన్లు ఉన్నాయో లేదో చూసేది) చేయించమంటున్నారు, లించ్ సిండ్రోమ్, అంటే క్యాన్సర్లు తెచ్చే వంశపారంపర్య జన్యులోపం, ఉందేమో తెలుస్తుందట. మా వంశంలో ఎవరికీ క్యాన్సర్ లేదండీ. చిన్న వయసులో వచ్చినవాళ్లకి, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉన్నవాళ్లకి చేస్తే సరిపోదా?

మైక్రోస్కోప్_ఎంవీపీ:
వాసు గారూ, నేను పాథాలజీ ల్యాబులో పనిచేస్తాను. అందరికీ చేయాల్సిందే. 1991 నాటి ఆమ్‌స్టర్‌డామ్ నియమాలు మీరన్నట్టే ఉండేవి: ముగ్గురు బంధువులు, రెండు తరాలు, ఒకరికైనా 50 లోపు వచ్చి ఉండాలి. ఆ లెక్కలో పడక తప్పిపోయిన లించ్ కుటుంబాలు బోలెడు. బ్రిటన్‌లో 2017 నుంచి వయసుతో పని లేకుండా అందరికీ చేయమన్నారు. పైగా మన ఇళ్లలో "అమ్మమ్మ కడుపులో గడ్డతో పోయింది" అంటారు తప్ప అది పేగుదో గర్భసంచిదో ఎవరికి తెలుసు? లించ్‌లో రెండూ వస్తాయి.
కొత్తగా ముక్క తీయక్కర్లేదు. ఆపరేషన్ అప్పటి బ్లాక్ (మైనంలో దాచిన గడ్డ ముక్క) నుంచే పల్చటి పొరలు కోసి నాలుగు ఎంఎంఆర్ ప్రోటీన్లకు రంగు వేస్తాం. ప్రోటీన్ ఉంటే గడ్డ కణాల కేంద్రకాలు గోధుమరంగులో కనిపిస్తాయి, పోతే నీలంగా మిగిలిపోతాయి.

సీతమ్మధార_పద్మ:
లించ్ అని తేలాక ఏమవుతుందో కూడా చెప్పండి. పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇంట్లో ఈ మాట బయటికి పొక్కితే సంబంధాలు వస్తాయా? ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూడటం) అంటారు, శ్రీకాకుళం నుంచి విశాఖ కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రికి వచ్చే రోజుకూలీ ఇంట్లో నలుగురికి చేయించగలడా? ముందు ఆ దారి చూపించండి.

మైక్రోస్కోప్_ఎంవీపీ:
పద్మ గారూ, ఖర్చు మాట నిజం, ఆ కొలనోస్కోపీలు ఉచితంగా చేయాలని నేనూ గట్టిగా అంటాను. కానీ పెళ్లి మాటెత్తారు కాబట్టి చెబుతున్నా, మనవైపు మేనరికాలు ఎక్కువ. భార్యాభర్తలిద్దరికీ ఒకే లించ్ జన్యులోపం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ అది రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం 25 శాతం. అలా వచ్చిన పిల్లలకి చిన్నతనంలోనే మెదడు, రక్త క్యాన్సర్లు వస్తాయి. దాచిపెడితే ఎవరికి మేలు?
ఇంకోటి, గడ్డలో తేడా కనిపించగానే వంశపారంపర్యం అనుకోకూడదు. ఆ నాలుగు ప్రోటీన్లలో ఒకటైన ఎంఎల్‌హెచ్1 పోయినవాళ్లలో చాలామందికి అది ఆ గడ్డలోనే జరిగిన మార్పు. ఆ సంగతి గడ్డ మీదే చేసే మిథైలేషన్, బీరాఫ్ అనే పరీక్షలతో తేలుతుంది. ఆ తర్వాతే వంశపారంపర్య లోపం కోసం రక్తపరీక్ష, అదీ రోగి సరేనంటేనే.
వాసు గారూ, మీరు మాత్రం కీమో మొదలుపెట్టకముందే చేయించండి. ఎంఎంఆర్ ప్రోటీన్ పోయిన రెండో స్టేజీ గడ్డలకి ఫైవ్ ఎఫ్‌యూ అనే కీమో మందు ఒక్కటే ఇస్తే లాభం కనబడలేదు, మీ బాబాయికి అసలు కీమోయే అక్కర్లేకపోవచ్చు.

గాజువాక_వాసు:
ఈ సంగతి మాకెవరూ చెప్పలేదండీ. బ్లాక్ కోసం ఎవరిని అడగాలి?

మైక్రోస్కోప్_ఎంవీపీ:
ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి పాథాలజీ విభాగంలోనే. బయాప్సీ రిపోర్టు మీద నంబరు ఉంటుంది, అది చూపించండి.