అన్నదానానికి వస్తున్నారు, ఆయాల జీతాలకు ఎవరూ ఇవ్వట్లేదు. ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. బోడుప్పల్‌లో అద్దె ఇంట్లో వృద్ధాశ్రమం నడుపుతున్నాం. ట్రస్టు పెట్టి నాలుగేళ్లయింది, 22 మంది ఉన్నారు, అందులో ఆరుగురు మంచం మీదే. ఆదివారం వస్తే పుట్టినరోజనీ, తద్దినమనీ రెండు మూడు కుటుంబాలు భోజనాలు పట్టుకొస్తాయి, షుగర్ ఉన్నవాళ్లకు కూడా లడ్డూలు పెడతారు. మంగళవారం వచ్చేసరికి కిరాణా కొట్లో అప్పు. అద్దె, నలుగురు ఆయాల జీతాలు, డైపర్లు, కరెంటు బిల్లు, వీటికి ఇవ్వమంటే "చూస్తాం అమ్మా" అంటారు. పోయిన నెల ఒక ఆయా మానేసింది, రెండు నెలల జీతం బాకీ పడ్డాం, ఆమెను ఏమీ అనలేను. 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) ఉన్నాయి. కంపెనీలు సేవా పనులకిచ్చే సీఎస్ఆర్ డబ్బుకి వెళ్లాలా? అమెరికాలో ఉన్న బంధువులు ఇస్తామంటున్నారు, దానికి విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, తీసుకోవాలా? టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.

జవాబు (ట్రస్టుల లెక్కలు చూస్తుంటాను):
అక్కా, ముందు మీ బంధువుల పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, పాస్‌పోర్టు కాపీ ఫైల్లో పెట్టుకుంటే చాలు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) మీద ఉన్నవాళ్ల డబ్బు మాత్రం విదేశీ విరాళమే, మామూలు ఖాతాలో ఒక్క రూపాయి కూడా వేయించుకోవద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్‌కి ట్రస్టు అప్పటికే మూడేళ్లు పనిచేసి ఉండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి, ఖాతా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరవాలి. ఒకరిద్దరి కోసమైతే అంత శ్రమ వద్దు.

సీఎస్ఆర్‌కి తప్పకుండా ప్రయత్నించండి. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో వృద్ధాశ్రమాలు పేరుతో సహా ఉన్నాయి, మూడేళ్ల అనుభవం అడుగుతారు, అది మీకుంది. సీఎస్ఆర్-1 ఫారం నింపి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర రిజిస్టరై నంబరు తీసుకోండి. అయితే చాలా కంపెనీలు మంచాలు, సోలార్ హీటర్ లాంటి, తమ పేరు బోర్డు పెట్టుకోగలిగే వస్తువులే ఇస్తామంటారు. మంచాలిచ్చి వాటి మీద ఉన్నవాళ్లను చూసుకునే మనిషికి ఇవ్వకపోతే ఏం లాభం? అందుకే "మంచాన పడ్డ ఆరుగురికి ఏడాది సేవ" అని ప్రాజెక్టు రాసి, ఆయాల జీతాలు అందులోనే కలిపి అడగండి.

80జీ మీదే నమ్మకం పెట్టుకోకండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు లేదు, పాత దాంట్లోనూ 2,000 దాటిన నగదుకు రాదు.

జవాబు (మల్కాజిగిరిలో మాదీ ఆశ్రమమే):
అమ్మా, మేమూ ఇదే పడ్డాం. అన్నదానం రేటు తీసేసి "ఒక రోజు ఆశ్రమం" అని పెట్టాం. నెల ఖర్చంతా, అంటే అద్దె, జీతాలు, మందులు, డైపర్లు కలిపి 30తో భాగిస్తే వచ్చేది ఒక రోజు ఖర్చు. పుట్టినరోజుకి ఫోన్ చేసినవాళ్లకు ఆ లెక్క కాగితం వాట్సాప్ చేస్తాం. అంతా ఇవ్వలేనివాళ్లు ఒక పూట ఖర్చు తీసుకుంటారు, వండిన భోజనం ఆదివారానికి ఒక కుటుంబానిదే. మొదట్లో ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు, కానీ లెక్క చూశాక ఎక్కువమంది ఇచ్చారు. మా పెద్దవాళ్లలో కొందరికి ఆసరా పింఛను వస్తుంది, దాన్ని మాత్రం ముట్టుకోం, అది వాళ్ల చేతి ఖర్చు.

అడిగినవారు:
చాలా థాంక్స్. బంధువుల్లో ఇద్దరిది ఇండియన్ పాస్‌పోర్టే. వాళ్లు పంపేదాంతో ముందు ఆ ఆయా బాకీ తీర్చి, మళ్లీ రమ్మని అడుగుతాను. అన్నా, మీ లెక్క కాగితం ఫోటో ఒకటి పెడతారా?