కొవ్వొత్తి మధ్యలో గుంత పడుతోంది, ఏం చేయాలి?

నల్గొండ నుంచి: కిలో పారాఫిన్ మైనం తెచ్చి, స్టీలు గిన్నెలో స్టవ్ మీదే కరిగించి టీ గ్లాసుల్లో పోస్తున్నా, తెల్లారేసరికి వత్తి పక్కన వేలు దూరేంత గుంత. వెలిగిస్తే మధ్యలో బావిలా దిగి ఆరిపోతోంది. మూడుసార్లూ ఇదే కథ.

మిర్యాలగూడ నుంచి: గుంత మీ తప్పు కాదన్నా, చల్లారితే మైనం కుంచించుకుపోతుంది. కొంచెం దాచిపెట్టి, పైన పొర కట్టాక పుల్లతో రెండుమూడు చోట్ల పొడిచి మళ్లీ పోయండి. బావి మాత్రం వత్తి సన్నగా ఉన్నందుకే, గ్లాసు వెడల్పును బట్టి లావుది వేయాలి.

వనపర్తి నుంచి: గిన్నె నేరుగా మంట మీద పెట్టొద్దు, నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. మైనానికి మంట అంటుకుంటే నీళ్లు పోయకండి, స్టవ్ ఆపి మూత పెట్టండి. రంగు కోసం మా చిన్నోడి క్రేయాన్ వేశా, వత్తికి పట్టేసి మంట మిణుకుమిణుకే!

నల్గొండ నుంచి: అయ్యో, నేనూ క్రేయానే వేశా.