వింటర్ టైరుకి 5 మిల్లీమీటర్ల గాడి మిగిలితే కొనొచ్చా?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి):
మా అబ్బాయి చదువుకోడానికి కెనడాలోని మాంట్రియల్ వెళ్లి, ఈమధ్యే ఒక పాత కారు కొన్నాడు. అక్కడ డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరట. ఎవరో వాడిన సెట్టు చవగ్గా ఇస్తామన్నారు, టైరు మీది గాడి లోతు 5 మి.మీ. ఉందని ఫొటో పంపాడు. ఏడు రోడ్ల కూడలి దగ్గర తెలిసిన టైర్ల షాపులో చూపిస్తే "ఇంకా బోలెడు గ్రిప్పుంది, తీసేసుకోమనండి" అన్నారు. మంచులో బండి నడపడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (విజయనగరం నుంచి):
మాస్టారూ, షాపాయన చెప్పింది మన రోడ్లకి నిజమే. మంచుకి లెక్క వేరు. కొన్నేళ్లు కెనడాలో కారు నడిపినవాణ్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కొత్త వింటర్ టైరుకి గాడి 8, 9 మి.మీ. దాకా ఉంటుంది. చట్టం 1.6 వరకు ఒప్పుకుంటుంది. కానీ అరిగి 4 దగ్గరకొచ్చిన టైర్లతో మంచు రోడ్డెక్కొద్దని కెనడా రవాణా శాఖే చెబుతుంది. ఆస్ట్రియాలోనైతే 4 కన్నా తగ్గితే దాన్ని వింటర్ టైరుగా లెక్కే వెయ్యరు. అంటే మీవాడు డబ్బు పెట్టేది 5 మిల్లీమీటర్లకి కాదు, ఒక్క మిల్లీమీటరుకి.

ఎందుకంటే, మంచు ఆ గాడుల్లోకి దూరి గట్టిగా కుక్కుకోవాలి. మంచుని మంచే పట్టుకుంటుంది. గాడి లోతు తగ్గితే దూరే మంచూ తగ్గుతుంది, పట్టూ పోతుంది. గాడుల మధ్య ఉండే రబ్బరు దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలు కనిపిస్తాయి చూడండి, గడ్డకట్టిన రోడ్డు మీద పట్టు ఇచ్చేవాటిలో అవీ ముఖ్యం. చాలా టైర్లలో ఆ చీలికలు గాడి అడుగుదాకా దిగవు. అరిగేకొద్దీ చీలికలు మాయమవుతాయి, దిమ్మె పొట్టిదై బిర్రబిగుస్తుంది.

ఇక్కడే అసలు ప్రమాదం. దిమ్మె బిగుసుకున్న టైరు పొడి రోడ్డు మీద కొత్తదానికన్నా బాగానే ఆగుతుంది. నడిపేవాడికి "టైర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి" అనిపిస్తుంది. మంచు పడిన రోజు బ్రేకు తొక్కితే గానీ తేడా తెలియదు. మీ అబ్బాయికి ఇది మాత్రం తప్పకుండా చెప్పండి.

గాడి ఒక్కటే చూస్తే చాలదు. టైరు పక్కన ముద్రించిన డాట్ నంబరు చివర నాలుగు అంకెలుంటాయి. 4219 అని ఉంటే 2019లో 42వ వారం తయారైందని. వింటర్ టైరు రబ్బరు 7 డిగ్రీలకన్నా చలిలో కూడా మెత్తగా ఉండేలా చేస్తారు, ఏళ్లు గడిస్తే అదీ గట్టిపడుతుంది. మంచుకి పనికొచ్చే టైరని చెప్పే గుర్తు, మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మ, కూడా ఉండాలి. గాడి లోతు కొలిచే గేజ్ పెట్టి లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడుచోట్లా కొలవమనండి. ఫొటోలో కనిపించే బయటి అంచుని నమ్మొద్దు.

ప్రశ్న (రాజాం నుంచి):
అన్నా, మరి మన వానలకి ఎంత ఉండాలి? వారం వారం విశాఖ వెళ్లొస్తాను, నా కారు టైర్లు 2.5కి వచ్చాయి. వింటర్ టైర్లు తడిలో కూడా బాగుంటాయంటారు కదా, మనమూ వేసుకోవచ్చా?

జవాబు (విజయనగరం నుంచి):
వింటర్ టైర్లు మనకి వద్దు తమ్ముడూ. మన ఎండలకి ఆ రబ్బరు మరీ మెత్తబడి త్వరగా అరిగిపోతుంది, బ్రేకు వేస్తే బండి ఎక్కువ దూరం పోయి గానీ ఆగదు.

మన దగ్గర కార్లకి చట్టం హద్దు 1.6. కానీ హైవే మీద నీళ్లు నిలిస్తే ఆ నీటిని పక్కకి తోసేది గాడే. లోతు లేకపోతే వేగంలో టైరు నీటి మీద తేలిపోతుంది, స్టీరింగ్ తిప్పినా బండి వినదు. నేనైతే 3కి రాగానే మార్పించేస్తాను. అక్టోబరు మనకి తుపాన్ల నెల, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది కూడా అక్టోబరు 11నే. నీ టైర్లు ఇప్పటికే 2.5 కాబట్టి ఆ లోపే మార్పించు. మార్చేదాకా వానలో 60 దాటనివ్వకు.

శ్రీకాకుళం నుంచి:
బాబూ, మీరు చెప్పినట్టే అబ్బాయి చేత కొలిపించాను. బయట 5, రెండు టైర్లకి లోపలి అంచు 3.5. డాట్ నంబరు 3816.

విజయనగరం నుంచి:
వద్దనేయండి మాస్టారూ. కొత్తవి నాలుగూ ఒకే రకం వేయించమనండి, ముందు రెండే మారిస్తే వెనక జారుతుంది. నవంబరు దగ్గరపడితే షాపుల్లో ఖాళీ దొరకదు, ఇప్పుడే బుక్ చేసుకోమనండి.