మా ఆయనకు పాణం బాగలేదు, రామప్ప చూడకుండనే ఇంటికి పోవాల్నా? వరంగల్ వాళ్లు జర చెప్పుండ్రి

ఇందూరు టైలరమ్మ:

అందరికి నమస్తే. మాది నిజామాబాద్, అదే మా ఇందూరు, పక్క పల్లె. మా ఆయన తాపీ మేస్త్రి, నేను బట్టలు కుడ్త. పెండ్లయినప్పటి సంది మేమిద్దరమే కలిసి ఎటూ పోలేదు. పోతే వేములాడ, లేకుంటే ధర్మపురి, అది గూడ ఇంటిల్లిపాదితోని. ఈసారి సంక్రాంతి పోయినంక మా బిడ్డ పట్టువట్టి హన్మకొండల రూము బుక్ చేసి బస్సెక్కిచ్చింది. వరంగల్ మంచిగ తిరిగి చూసి, ఆఖరికి రామప్ప గుడి చూసి ఇంటికి పోవాలని అనుకున్నం.

అసలు రామప్ప కోసమే మా ఆయన బయలెల్లిండు. చిన్నప్పటి సంది ఇటుక, మాలు తప్ప వేరే పని ఎరుగడు. గుడిల ఉన్నది రుద్రేశ్వరుడు, కట్టిచ్చింది కాకతీయ రాజు గణపతిదేవుని సేనాపతి రేచర్ల రుద్రుడు, అయినా జనం నోట్ల నిలిచింది చెక్కిన శిల్పి రామప్ప పేరు. "మనం కట్టిన ఇంటి మీద ఓనరు పేరు రాస్తరు. ఆ గుడిని మాత్రం మేస్త్రి పేరుతోని పిలుస్తరు" అని ఎవలు కలిసినా చెప్తడు. 2021ల యునెస్కో గుర్తింపు వచ్చిన దినం ఫోన్ల ఆ గుడి ఫొటో పెట్టుకున్నడు, ఇప్పటికీ అదే ఉంది.

వచ్చిన నాడు సాయంత్రం వేయి స్తంభాల గుడికి పోయినం. 1163ల కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టిచ్చిన గుడి. అండ్ల కల్యాణ మండపం రాళ్లన్ని విప్పి, ఏండ్లకేండ్లు పక్కకు పెట్టి, మళ్ల నిలవెట్టి 2024 శివరాత్రికి తెరిచిండ్రు కదా, మా ఆయన ఆ మండపం కాడనే చీకటయ్యేదాక ఉన్నడు. రాయికి రాయికి నడుమ గోరు పెట్టి చూసుడు, "పోతలేదు చూడు" అని నన్ను పిలుసుడు. అంత సంబురంగ ఆయనను నేను మస్తు దినాల తర్వాత చూసిన.

బయటికొచ్చి ఒక బండి కాడ మిర్చి బజ్జి తిన్నం, ఆయన ఐసు వేసిన చెరుకు రసం గూడ తాగిండు. రాత్రి మొదలైనయి వాంతులు, విరేచనాలు. తెల్లారేదాక బాత్రూముకు తిరుగుడే. పొద్దుగాల జర తగ్గంగనే "నాకేం కాలే, కోటకు పోదాం పా" అన్నడు. ఆటోల పోతుంటే సగం తొవ్వల క్లచ్ వైరు తెగింది. ఇంకో ఆటో దొరికిచ్చుకొని పోయినం. కోటల దిగినమో లేదో నా చెప్పు తెగింది. అదేం పెద్ద ముచ్చట కాదు గని, కీర్తి తోరణం ముందటికి వచ్చేసరికి ఆయన కండ్లు తిరిగి కింద కూలవడ్డడు. చేతులు చల్లగైనయి. నాకు నోట మాట రాలే. ఆడున్న పిల్లలు ఇద్దరు పట్టి లేపి ఆటోల కూర్చోవెట్టిండ్రు, వాళ్ల కడుపు సల్లగుండ.

ఒక నర్సింగ్ హోమ్‌ల సెలైన్ ఎక్కిచ్చి, ఇంజెక్షన్ ఇచ్చి, చీటి రాసి పంపిండ్రు. ఏం తినాలె, రోజూ వేసుకునే బీపీ గోలి వేసుకోవాల్నా వద్దా అంటే ఎవ్వలు నిలవడి చెప్పలే. లాడ్జికి వస్తే కరెంటు లేదు, లిఫ్టు బందు, మా రూమేమో మూడో అంతస్తు. ఒక్కో మెట్టు మీద కూర్చోవెట్టుకుంట ఎక్కిచ్చిన. మాపటికి బతిమిలాడితే కింద రూము ఇచ్చిండ్రు.

ఇప్పుడు వాంతులు ఆగినయి. జ్వరం లేదు. విరేచనం తగ్గింది, గంజి తాగిండు, పండుకున్నడు. ఎల్లుండి పొద్దుగాల ఇంటికి బస్సు, రేపొక్క దినమే ఉంది. "ఇంత దూరం వచ్చి రామప్ప చూడకపోతే ఎట్లనే" అని నిద్రలకు పోయేముందు గూడ అన్నడు. వద్దు అననీకి నాకు నోరు వస్తలేదు, తీస్కపోయి ఆడ మళ్ల పడిపోతే ఎవల్ని పిలవాలె? ఈడ మాకు చుట్టాలెవ్వలు లేరు. రోడ్డు ఎట్లుంది, తొవ్వల బాత్రూములు, దవాఖాన ఉన్నయా? రేపు ఆయనకు ఏం పెట్టాలె? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

మందుల షాపు తమ్ముడు, హన్మకొండ:

అక్కా, ముందు రామప్ప సంగతి పక్కకు పెట్టి బావ ఒంట్లో నీళ్ల సంగతి చూడు. మూత్రం సరిగ్గ వస్తుందా? రంగు ముదురు పసుపుగ ఉందా? లేచి నిలబడితే కండ్లు తిరుగుతున్నయా? ఇందులో ఏది ఉన్నా రేపు ప్రయాణం వద్దు. విరేచనంలో రక్తం, జ్వరం, మళ్లీ వాంతులు మొదలైతే ఈ రాత్రే అయినా 108కి ఫోన్ చెయ్యి, లేదా వరంగల్ పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకు తీసుకుపో, అది ఇరవై నాలుగు గంటలు ఉంటది.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ తీసుకొని మొత్తం ఒక్కసారే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలుపు. సగం ప్యాకెట్ గ్లాసు నీళ్లలో కలపడం చాలామంది చేస్తరు, అట్ల చెయ్యొద్దు, ఉప్పు ఎక్కువైతది. కలిపింది ఒక దినమే వాడాలె. డబ్బాలలో వచ్చే తియ్యటి రసాలు ఓఆర్‌ఎస్ అనుకొని కొనకు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి కొట్లాడితే, 2025 అక్టోబరులో తిండి సరుకుల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అసలు ఫార్ములా లేని రసాల మీద ఆ పేరు వేయొద్దని చెప్పింది. వాటిలో చక్కెర ఎక్కువ ఉంటది, విరేచనం ఇంకా పెరుగుతది.

బీపీ గోలి మాత్రం నీ అంతట నువ్వు ఆపకు, నీ అంతట నువ్వు వెయ్యకు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కొన్ని రకాల బీపీ గోలీలు కిడ్నీల మీద భారం వేస్తయి, బీపీని బాగా పడేస్తయి. మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసినవి, పేరు చివర సార్టన్, ప్రిల్ అని వచ్చేవి ఆ లెక్కలోకి వస్తయి. చీటి మీద ఫోన్ నంబరు ఉంటది, గోలి పేరు చదివి డాక్టర్‌నే అడుగు. ఎత్తకపోతే చీటి, గోలీల షీటు రెండూ పట్టుకొని పొద్దున ఏ డాక్టర్ దగ్గరికైనా పో. కూర్చొని చెప్పేదాక లేవకు అక్కా, అది నీ హక్కు.

పాత స్టీరింగు, ములుగు రోడ్డు:

బిడ్డా, నేను ఆర్టీసీల డ్రైవర్ చేసి దిగిన. ఆ రోడ్డు మీద నా సగం జీవితం పోయింది. ఆరెపల్లి, గూడెప్పాడ్, మల్లంపల్లి, ములుగు, ఆ తర్వాత జంగాలపల్లి కాడ ఎడమకు తిరిగితే వెంకటాపూర్, గుడి ఉన్న పాలంపేట. డెబ్బై కిలోమీటర్ల లోపే. రోడ్డు మంచిగుంది.

ఆర్టీసీల ఆడోళ్లకు పైసలు లేని జీరో టికెట్ నీకు ఉంటది, ములుగు దాక ఎక్స్‌ప్రెస్‌ల పోవచ్చు, గని ఆడ దిగి మళ్ల ఆటో పట్టుకోవాలె. పాణం బాగలేని మనిషికి అది వద్దు. సగం దినానికి కారు మాట్లాడుకో. ఇంకో ముచ్చట, ఇది మేడారం జాతర ఏడు. రద్దీకి భయపడి జనం ముందుగాలనే మొక్కులు తీర్చుకొని వస్తున్నరు. ములుగు కాడ గట్టమ్మ తల్లికి మొక్కకుండ ఏ బండి ముందుకు పోదు, ఎనిమిది దాటితే ఆడ బండ్లు ఆగిపోతయి. ఆరు కొట్టకముందే హన్మకొండ దాటు. మంచు ఉంటది, డ్రైవర్‌కు మెల్లగ నడుపుమని చెప్పు. బాత్రూముకు ములుగు బస్టాండ్, దవాఖాన గూడ ములుగులనే ఉంది. లక్నవరం చెరువు గూడ చూపిస్త అని డ్రైవర్ అంటడు, ఒప్పుకోకు. ఆ వేలాడే వంతెన మీద నడిచే ఓపిక ఆయనకు లేదు.

పరకాల పద్మక్క:

చెల్లె, అందరు ఎట్ల పోవాల్నో చెప్తున్నరు, నేనైతే తీస్కపోను. మా ఇంటాయన గూడ ఇట్లనే తగ్గింది తగ్గింది అని శ్రీశైలం బస్సెక్కిండు, నల్లమల అడవుల నడుమ మళ్ల మొదలైంది. ఆ నాలుగు గంటలు నేను పడ్డ బాధ పగోళ్లకు గూడ వద్దు. 1213ల కట్టిన గుడి వచ్చే ఏడు గూడ ఆడనే ఉంటది. రేపు పొద్దంత పండుకోవెట్టి, సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చోండ్రి, అమ్మవారికి దండం పెట్టుకోండ్రి. మొకం తిప్పుకుంటే తిప్పుకోనియ్యి.

చరిత్ర పాఠాల పంతులు, కాజీపేట:

అమ్మా, వెళ్లాలా వద్దా అన్నది మందుల షాపు తమ్ముడు చెప్పిన గుర్తులు చూసి మీరే తేల్చుకోండి. వెళితే మాత్రం మేస్త్రి గారు గుడి మొత్తం తిరగనక్కర్లేదు. పీఠం నక్షత్రం ఆకారంలో, మనిషి ఎత్తున ఉంటుంది, మెట్లు ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకోండి. లోపల నేల బండలు కుంగి ఎత్తుపల్లాలుగా ఉంటాయి, చూసుకొని అడుగు వెయ్యాలి. ఆయనకు చూపించాల్సింది కూడా ఆ నేలనే. పునాది గోతిని ఇసుకతో నింపి దాని మీద కట్టారు. నేల కదిలినా ఆ అదురును ఇసుక మింగుతుందని ఇంజనీర్లు చెబుతారు. బండలు కుంగాయి కానీ స్తంభాలు, పైకప్పు నిలిచే ఉన్నాయి. నీళ్ల మీద తేలే ఇటుకలు విమానంలో, అంటే గర్భగుడి పైభాగంలో ఉన్నాయి. చేతికి అందవు, బయట పచ్చిక మీద కూర్చొని తలెత్తి చూస్తే చాలు. కింద గోడలు ఇసుకరాయి, పైన బరువు తగ్గించడానికి తేలిక ఇటుక. బరువు ఎక్కడ పెట్టాలో తెలిసిన పని అది, ఆయనకు మనకంటే బాగా అర్థమవుతుంది.

ఇందూరు టైలరమ్మ:

అందరికి చేతులెత్తి మొక్కుత. డాక్టర్‌కు మళ్ల మళ్ల ఫోన్ చేస్తే ఎత్తిండు. బీపీ గోలి పేరు విని, విరేచనాలు పూర్తిగ ఆగేదాక ఆపుమన్నడు. మూత్రం మంచిగ వచ్చింది, లేస్తే కండ్లు తిరుగలేదు, అప్పుడే కారు మాట్లాడిన. ఓఆర్‌ఎస్ సీసా, గంజి ఫ్లాస్కు, దుప్పటి పట్టుకొని చీకట్లనే బయలెల్లినం.

పద్మక్కా, మీ మాట కాదన్న అని కోపానికి రావద్దు. మీరు చెప్పినందుకే ములుగుల బండి ఆపి, మళ్ల ఆయన మొకం చూసి, నోరు తెరిపిచ్చి నాలుక చూసి, అప్పుడే ముందటికి పోనిచ్చిన.

పంతులు గారు, మా ఆయన లోపల ఆ కుంగిన బండల మీద మోకాళ్ల మీద కూర్చొని చెయ్యి పెట్టి చూసిండు. "ఇంత వాలినా దూలం పగలలేదంటే, బరువంత స్తంభం మీదనే దిగుతుంది, బండ మీద దిగుతలేదు" అని నాకు చెప్తుంటే, ఆడికొచ్చిన ఇంజనీరింగ్ పిల్లలు గూడ చుట్టు నిలవడి విన్నరు. ఒకడు "మీరు ఏం చేస్తరు సార్" అని అడిగిండు. "మేస్త్రిని" అన్నడు. తర్వాత బయట దుప్పటి ఏసుకొని విమానం దిక్కు చూసుకుంట కూర్చున్నడు, మదనికల బొమ్మలు నేనొక్కదాన్నే తిరిగి చూసిన. పది కొట్టకముందే తిరిగి బయలెల్లినం.

ఇప్పుడు బస్సుల ఉన్నం, హుజూరాబాద్ దాటింది. ఆయన పండుకున్నడు. కోట సగమే చూసినం, ఖుష్ మహల్ అసలే చూడలే, ఆ బాధ నాకుంది. బీపీ గోలి మళ్ల ఎప్పటిసంది మొదలువెట్టాల్నో రేపు ఇందూరుల మా డాక్టర్‌ను అడుగుత.