డిటెక్టివ్ కథల చెల్లె పాత్ర: ప్రశ్నలు అడగనీకేనా?

బత్తాయితోట:
పిల్లల పత్రికకు 1200 పదాల డిటెక్టివ్ కథ రాస్తున్న. పోచంపల్లి దుకాణంల అసలు ఇక్కత్ పట్టుచీర ఎత్తుకపోయి, ఆ జాగాల ప్రింటు చీర పెట్టిండ్రు. కనిపెట్టేది పదమూడేండ్ల నరేశ్. చెల్లె స్వప్న వెంటనే ఉంటది గని "ఎట్ల తెలిసిందన్నా?" అనుడు తప్ప పనే లేదు. చివర్ల దొంగలు ఆమెను గదిల ఏసి తాళం పెడతరు. ఈ పాత్రను ఎట్ల నిలబెట్టాలె?

చిటికి:
ముందు ఆ తాళం సీను తీసెయ్. తర్వాత స్వప్న మాటలన్నిటి కింద గీతలు గీసి చూడు, ఎన్ని ప్రశ్నలున్నయో తెలుస్తది. ఆమెను కథలకెళ్లి తీసేసినా దొంగ దొరికితే, ఆ పాత్ర ఇంకా పుట్టనట్టే.
నీ కథల ఆధారం చీరనే కదా, దాన్ని ఆమె చేతికియ్యి. అమ్మ చిటికి కడుతుంటే (రంగేసే ముందు నూలుకు కట్లు కట్టుడు) చూసుకుంట పెరిగిన పిల్ల అను. ఇక్కత్‌ల నూలుకు రబ్బరు పట్టీలు కట్టి ముందే రంగుల ముంచుతరు, నేసుడు తర్వాత. అందుకే రంగు రెండు పక్కల ఒక్కతీరుగుంటది. ప్రింటు వెనక పాలిపోయి కనిపిస్తది. నరేశ్ బిల్లు బుక్కుల తల పెడితే, ఆమె కొంగు మర్లేసి చూస్తది.

పడుగుపేక:
మర్లేస్తే చాలదండీ. పలచటి పట్టు మీద ప్రింటు రంగు వెనక్కి కూడా దిగుతుంది. నేత ఇళ్ల పిల్లలు చదివితే అక్కడే పట్టేస్తారు. డిజైన్ అంచులు చూపించండి. కట్టిన పోగులు మగ్గం మీద కాస్త అటూఇటూ జరుగుతాయి, కాబట్టి అంచు చెదిరినట్టు వస్తుంది. నకిలీవాళ్లు ఆ చెదురును కూడా అచ్చేస్తారు. కాకపోతే ప్రతి పువ్వుకూ అదే చెదురు! అసలు చీరలో ఏ రెండు పువ్వులూ అచ్చంగా కలవవు. స్వప్న పక్కపక్క పువ్వుల్ని మడిచి, ఒకదాని మీద ఒకటి ఆనించి చూస్తే చాలు.
వాసనతో ఆధారం కావాలంటే పుట్టపాక తేలియా రుమాలు ఉండనే ఉంది. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిదలో నానబెడతారు, ఆ నూనె వాసన బట్టలో ఉండిపోతుంది. మీ కథకు మాత్రం పువ్వులే మేలు.

బత్తాయితోట:
మస్తుందక్కా. మరి ఇది ఎక్కడ పెట్టాలె? విడదీసి చెప్పేది ఎవరు?

పడుగుపేక:
మొదటి 300 పదాల్లోనే ఇంట్లో ఒక వాక్యం పడాలి: "రెండు పువ్వులు ఒక్కతీరుగ రాలేదేందమ్మా?" అమ్మ నవ్వి ఊరుకోవాలి, వివరణ వద్దు. దుకాణంలో విషయం బయటపెట్టేది స్వప్నే, అదీ రెండు మాటల్లో. అంతకు మించితే పిల్ల టీచరమ్మ అయిపోతుంది, చదివేవాడు పేజీ తిప్పేస్తాడు. అయితే ఆమెకు తెలిసేది చీర నకిలీదని మాత్రమే. ఎవరు మార్చారో బిల్లు తేదీలతో నరేశ్ తేల్చాలి. అప్పుడే ఇద్దరూ అవసరమవుతారు.

చిటికి:
ఇంకోటి. ఇప్పటి కథయితే చేతితోని ఆసు పోసుడు (చిటికి కట్టేముందు నూలును మేకుల చుట్టు తిప్పుడు) రాసేముందు ఆలోచించు, చింతకింది మల్లేశం ఆసు మిషన్ వచ్చి చానా ఏండ్లయింది. 2016 అక్టోబరుకు ముందు జరిగిందైతే పోచంపల్లి నల్గొండ జిల్లా, ఆ తర్వాతదైతే యాదాద్రి భువనగిరి.