ఒక్కడినే సముద్రం పక్క పల్లెలో ఐదు రోజులు, ఫోన్ ఆపేసి – తప్పా?

హూడివాసి:
బెంగళూరులో ఉన్న మనవాళ్ళందరికీ నమస్కారం. నవంబరు రెండో వారంలో ఐదు రోజులు సెలవు దొరికింది. కర్ణాటక తీరంలో గోకర్ణ చుట్టుపక్కల ఏదైనా చిన్న ఊళ్ళో గది తీసుకుని ఒక్కడినే ఉండాలని ఉంది. తినడం, పడుకోవడం, సముద్రం చూడటం. అంతే, ఇంకే పనీ పెట్టుకోను. ఫోన్ కూడా ఆపేస్తా. ఆఫీసులో ఏడాదిగా ఆన్‌కాల్‌లో ఉన్నా, ఏ వేళ పిలిచినా పలకాలి. అర్ధరాత్రి మోగితే మెలకువ రాకముందే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది. ఇంట్లో మా ఆవిడ, ఏడేళ్ళ పాప, మా అమ్మ. మా ఆవిడ "సరే వెళ్ళండి" అంది. బామ్మర్ది మాత్రం "ఏంటి బావా, ఇంట్లో ఏమైనా గొడవా?" అన్నాడు. అమ్మ ముభావంగా తిరుగుతోంది. పెళ్ళయినవాడు ఒంటరిగా నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్తే అంత వింతా? ఏ ఊరు బాగుంటుందో కూడా చెప్పండి.

నాగసంద్ర నాని:
ఆవిడ "సరే వెళ్ళండి" అందా, "సరే... వెళ్ళండి" అందా? చూసుకో అన్నా.

శిరీష_కోరమంగల:
నేను ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను, కాబట్టి చెప్తున్నా. కార్వార్ వెళ్ళే పంచగంగ రైలు సాయంత్రం ఎక్కితే పొద్దున్న గోకర్ణ రోడ్డులో దిగొచ్చు. స్టేషన్ నుంచి ఊరు పది కిలోమీటర్లు, ఆటోలుంటాయి. శుక్రవారం రాత్రి మాత్రం బయల్దేరకండి. బెంగళూరు బస్సులన్నీ ఆ రాత్రే అటు పరిగెడతాయి, శనివారం కుడ్లె బీచ్ మెజెస్టిక్ బస్టాండులా ఉంటుంది. ఓం బీచ్ కూడా అంతే. సోమవారం నుంచి గురువారం దాకా అయితే మనుషులు పలచబడతారు.

నిజంగా నిశ్శబ్దం కావాలంటే అఘనాశిని నది దాటి కుమటా వైపు, ధారేశ్వర దాకా చూడండి. తదడి దగ్గర రేవు పడవ ఉంది. నది సముద్రంలో కలిసేచోట పోటు తగ్గినప్పుడు ఆడవాళ్ళు నడుంలోతు నీళ్ళలో దిగి, కాళ్ళతో తడుముతూ ఆల్చిప్పలు ఏరి, నడుముకి తాడుతో కట్టిన గిన్నెలో వేసుకుంటుంటారు. గిన్నె వాళ్ళ వెనకే తేలుతూ వస్తుంది. నేను ఒక పూటంతా గట్టు మీద కూర్చుని అదే చూశా. హోమ్‌స్టేలో మధ్యాహ్నం కుచ్చలక్కి (ఉప్పుడు బియ్యం) అన్నం, బంగుడె పులుసు పెట్టారు. బంగుడె అంటే మన కానాగంతలే.

రాయచోటి రమణ:
గోకర్ణం అంటే యాడో గోవా పక్కనుండే బీచ్ అనుకుంటాండారు ఈ కాలం పిల్లోళ్ళు. రావణాసురుడు ఆత్మలింగాన్ని లంకకు తీసుకపోతా, సంధ్య వార్చుకోను వినాయకుని చేతికిస్తే ఆయప్ప కింద పెట్టేసిన చోటు అది. దాన్ని పెరకబోయి రావణుడు ఇసిరేసినవి పడిన చోట్లే మురుడేశ్వర, ధారేశ్వర, గుణవంతె, సజ్జేశ్వర. శిరీష మేడమ్ చెప్పిన ధారేశ్వర కూడా ఆ లెక్కలోదే. నీకు ఐదు దినాలుండాయి, క్షేత్రాలు ఐదుండాయి. సరిపాయ. కోటితీర్థంలో మునిగి, చొక్కా తీసి గుళ్ళోకి పోయి రా. అంతకన్నా విశ్రాంతి ఏముండాది?

హూడివాసి:
రమణ గారూ, అది విశ్రాంతి కాదండీ, టూర్ ప్యాకేజీ.

రాయచోటి రమణ:
దేవుని కాడికి పోను ప్యాకేజీ ఏందప్పా.

చీరాల సముద్రం:
ఒంటరిగా వెళ్ళండి, ఫోన్ ఆపుకోండి, మీ ఇష్టం. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు. మాది చీరాల పక్కన ఓడరేవు అనే ఊరు. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానమని మా ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం. మావాళ్ళు పడవలు పక్కన పెట్టి కాపలా కాస్తారు. మునిగిపోయేది ఈత రానివాళ్ళే అనుకోకండి, చెరువులో బాగా ఈదేవాళ్ళు కూడా పోతారు. గట్టుకొచ్చిన నీళ్ళు వెనక్కి పోవడానికి ఒక దారి చేసుకుంటాయి. అక్కడ అలలు విరగవు, ఆ కాస్త మేర నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్తవాడు "ఇక్కడ బాగుంది" అని సరిగ్గా అక్కడే దిగుతాడు. లోపలికి లాగేశాక భయపడి ఒడ్డుకేసి ఎదురీదుతాడు, చేతులు పడిపోతాయి. అప్పుడు ఒడ్డు వెంబడే పక్కకి ఈదాలి. ఆ లాగుడులోంచి బయటపడ్డాకే గట్టుకి తిరగాలి. ఇదంతా తెలిసినా, ఒంటరిగా ఉంటే కేకేసినా పలికేవాడుండడు.

హూడివాసి:
అన్నా, ఈదుతానని నేనెక్కడ అన్నాను? చూస్తానన్నా.

చీరాల సముద్రం:
అందరూ చూడ్డానికే వస్తారు. మొదటిరోజు పాదాలు తడుపుతారు, రెండోరోజు మోకాళ్ళు.

నాగసంద్ర నాని:
మూడోరోజు?

చీరాల సముద్రం:
మూడోరోజు మాకు కబురొస్తుంది.

కడుగోడి కాకినాడ:
అసలు నవంబరులో సముద్రం పక్కకి ఎవరైనా వెళ్తారా? దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న.

శిరీష_కోరమంగల:
అది బంగాళాఖాతం అండీ. ఈయన వెళ్ళేది అరేబియా సముద్రం వైపు. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు వరకే ఇబ్బంది.

కడుగోడి కాకినాడ:
2017లో ఓఖీ తుపాను వచ్చింది కూడా నవంబరు ఆఖర్లోనే, అరేబియా సముద్రంలోకే. వాతావరణ శాఖ హెచ్చరికలు చూడకుండా వెళ్ళొద్దు అంటున్నా. మరి ఫోన్ ఆపేస్తే హెచ్చరిక ఎలా తెలుస్తుంది?

పద్మజ_బీటీఎం:
హమ్మయ్య, ఒకరైనా ఫోన్ సంగతి ఎత్తారు. రైలు అయింది, చేపల పులుసు అయింది, రావణుడు కూడా అయ్యాడు. ఇంట్లో పెద్దావిడ, చిన్నపిల్ల ఉన్న మనిషి ఐదు రోజులు ఫోన్ ఆపేస్తానంటే ఒక్కరూ "అదేంటి" అనలేదు. హూడివాసి గారూ, మీ అమ్మగారి వయసెంత? బీపీ, షుగర్ ఏమైనా ఉన్నాయా?

హూడివాసి:
డెబ్భై ఒకటి. బీపీ ఉంది, మందులు వేసుకుంటోంది. ఇంట్లో మా ఆవిడ ఉంది కదండీ. ఐదు రోజులు నేను అందకపోతే ఏం మునిగిపోతుంది?

చీరాల సముద్రం:
మునగడం గురించే నేను మొదట్నుంచీ మొత్తుకునేది.

పద్మజ_బీటీఎం:
చీరాల వారూ, కాస్త ఆగండి.

హూడివాసి గారూ, మా అన్నయ్య కూడా ఇలాగే "మనసు బాగోలేదు, కొన్నాళ్ళు ఎవరికీ దొరకను" అని వెళ్ళాడు. అమ్మ బాత్‌రూమ్‌లో జారి తుంటి విరిగింది. ఆపరేషన్‌కి ఇంటి పెద్ద సంతకం కావాలని ఆసుపత్రిలో పట్టుబట్టారు, కూతురి సంతకం చాలదన్నారు. అర్ధరాత్రి కౌంటర్ దగ్గర నిలబడి వాడి నంబరు నొక్కుతూనే ఉన్నా. స్విచ్డాఫ్. స్విచ్డాఫ్. చివరికి మా చిన్నాన్నని నిద్ర లేపి పిలిపించాను. అన్నయ్య తిరిగొచ్చాక అన్న మొదటి మాట, "నువ్వున్నావు కదా." ఇప్పుడు మీరన్నదీ అదే, "మా ఆవిడ ఉంది కదా."

రాయచోటి రమణ:
కూతురు సంతకం చాలదన్న ఆసుపత్రిది తప్పు తల్లీ. మీ అన్న సెలవుది కాదు.

పద్మజ_బీటీఎం:
తప్పు ఎవరిదని అడగలేదండీ నేను. ఆ రాత్రి అక్కడ ఎవరున్నారో చెప్తున్నా.

హూడివాసి:
మేడమ్, మీ అన్నయ్య మీద కోపం నా మీద ఎందుకు తీర్చుకుంటున్నారు? నేను చెప్పకుండా పారిపోవడం లేదు. చెప్పాను, ఒప్పుకున్నారు, తారీఖులు అందరికీ తెలుసు. ఏడాదిగా ఆ ఫోన్ నా పీక మీద కూర్చుంది. అది మోగుతుందేమో అని చూస్తూ సముద్రం పక్కన కూర్చుంటే హూడిలో కూర్చున్నట్టే. ఆ మాత్రానికి ఎందుకు వెళ్ళడం?

శిరీష_కోరమంగల:
పద్మజ గారూ, మీకు జరిగింది చాలా అన్యాయం. కానీ మీ లెక్కన ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నంతకాలం ఎవరూ ఎక్కడికీ వెళ్ళకూడదు. నేను వెళ్ళినప్పుడూ ఫోన్ ఆపేశా. ఆకాశం ఊడిపడలేదు.

పద్మజ_బీటీఎం:
మీకు పిల్లలున్నారా శిరీష గారూ?

శిరీష_కోరమంగల:
వచ్చిందండీ ఆ ప్రశ్న! మా పిన్ని అడుగుతుంది, ఇంటి ఓనరమ్మ అడుగుతుంది, ఇప్పుడు మీరు. లేరు. పెళ్ళి కూడా కాలేదు. అయితే నేను అలిసిపోకూడదా? దసరాకి ఆఫీసులో అందరూ "పిల్లలకి సెలవులు" అని ఊళ్ళకి పోతే ఆ వారం పనంతా చేసేది నేనే, "నీకేం, ఒక్కదానివి" అని. నా సెలవు దగ్గరికి వచ్చేసరికి అదే మాట ఇంకోలా అంటారు, "నీకేం అలసట?" అని. పిల్లలున్నవాళ్ళదే అలసట అయితే ఆ ముక్క ముందే రాసిపెట్టండి, మాలాంటివాళ్ళం సెలవు అడగడం మానేస్తాం.

నాగసంద్ర నాని:
వేడి పెరిగింది. ఎవరైనా మజ్జిగ పొయ్యండి.

పద్మజ_బీటీఎం:
నాని, నవ్వులాట కాదు.

శిరీష గారూ, మీరు వెళ్తే మీ ఇంటికి తాళం వేసి వెళ్తారు. ఈయన తాళం వెయ్యరు. ఈయన వెళ్ళాక ఆ ఇల్లు మామూలుగానే నడవాలి. పాప బడి బస్సు ఏడున్నరకే వస్తుంది, అత్తగారి మందులు వేళకి పడాలి, నీళ్ళ ట్యాంకరు వాడు ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. ఈయన ఎవరికీ అందకుండా ఉండగలిగేది, ఆవిడ అందరికీ అందుతూ ఉండబట్టే. ఈయనకి ఆఫీసులో ఆన్‌కాల్, దానికి జీతం వస్తుంది, సెలవూ వస్తుంది. ఆవిడది కూడా ఆన్‌కాలే. ఎవరైనా అడిగారా? నాకు మీ గోకర్ణ మీద కోపం లేదు, ఒంటరిగా వెళ్ళడం మీదా లేదు. నేనూ వెళ్ళాలనుకుంటా, నమ్మండి. అన్నయ్య ఆ రాత్రి అందలేదని కాదు నా బాధ. నేను అందకుండా పోయే రాత్రి ఒక్కటి కూడా ఉండదని మా ఇంట్లో అందరికీ తెలుసు, అదీ.

హూడివాసి:
మా ఆవిడ కూడా ఉద్యోగం చేస్తుంది. వెళ్తానంటే నేనేమైనా వద్దన్నానా? తనకి సముద్రం అంతగా ఇష్టం ఉండదు.

పద్మజ_బీటీఎం:
సముద్రం ఇష్టమా కాదా అని అడగలేదు. ఈ నాలుగైదేళ్ళలో ఆవిడ ఒక్కతే ఎక్కడికైనా వెళ్ళిందా, ఫోన్ ఆపేసి? పుట్టింటికి వెళ్ళడం లెక్కలోకి రాదు.

చీరాల సముద్రం:
మీ ఇద్దరికీ ఒక మాట. మా వైపు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, మీరు వెళ్ళే పడమటి తీరంలో జూన్, జూలై. అరవై ఒక్క రోజులు మరబోట్లు కదలవు. చూసేవాళ్ళకి మావాళ్ళు విశ్రాంతిగా ఉన్నట్టే ఉంటుంది. వలలు అల్లుకుంటూ అప్పు ఎలా తీర్చాలో లెక్కలేసుకుంటుంటారు. మా తమ్ముడు ఇప్పుడు రిసార్టులో పని చేస్తున్నాడు. శని, ఆదివారాలు వాడికి ఫోన్ ఆపే వీలే లేదు. ఫోన్ ఆపేసుకుని నిద్రపోతున్న సారు అర్ధరాత్రి లేచి ఏసీ పనిచేయడం లేదంటే పరిగెత్తేది వాడే. ఎవడో ఒకడు మేలుకుని ఉంటేనే ఇంకొకడు పడుకునేది.

శిరీష_కోరమంగల:
ఈ లెక్కన హోమ్‌స్టేకి కూడా వెళ్ళకూడదా అన్నా?

చీరాల సముద్రం:
వెళ్ళమ్మా, డబ్బులిచ్చి వెళ్ళు. నీళ్ళలోకి దిగొద్దు, అంతే.

హూడివాసి:
పద్మజ గారూ, నిన్న రాత్రి మా ఆవిడకి ఈ చర్చంతా చూపించా. మొత్తం చదివింది. "ఈ పద్మజ గారి నంబరు దొరుకుతుందా?" అంది. నవ్వింది, కానీ పూర్తిగా నవ్వులాటకి అన్నట్టు లేదు. మీ ప్రశ్నకి జవాబు: లేదు, ఎప్పుడూ వెళ్ళలేదు. తనెప్పుడూ అడగలేదు కూడా. టికెట్ మాత్రం నేను రద్దు చేయను, ఫోనూ ఆపేస్తా. హోమ్‌స్టే వాళ్ళ నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్తా. అవసరమైతే వాళ్ళు వచ్చి తలుపు కొడతారు.

పద్మజ_బీటీఎం:
అవసరమా కాదా అని తేల్చేది ఎవరండీ? ఆ ఫ్రిజ్ ముందు నిలబడేది మళ్ళీ ఆవిడేగా. ఆ కాగితం పక్కనే ఇంకో కాగితం అంటించండి. మీరు తిరిగొచ్చాక ఆవిడ వెళ్ళే ఐదు రోజులు ఏవో తారీఖులు వేసి, ఆ రోజుల్లో పాపని బస్సెక్కించేది ఎవరో మీ చేత్తో రాసి.

హూడివాసి:
డిసెంబరులో ఆఫీసులో మాకు సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందండీ. జనవరి చూడాలి.

పద్మజ_బీటీఎం:
చూశారా.

రాయచోటి రమణ:
జనవరి అయితే సంక్రాంతి దాటినాక పంపించప్పా. ఆయమ్మనైనా గోకర్ణంలో మహాబలేశ్వరుని దర్శనం చేసుకోమను.